పెద్దల కబుర్లు - ఇంటి మరమ్మతుల్లో విజ్ఞానశాస్త్రం



ఈనాటి ప్రసంగ విషయం మీ పాఠ్యపుస్తకంలోది కాదు. మీ వీధి అరుగు మీద, అపార్టుమెంటు కింద, ఊరి పార్కులో రోజూ సాయంత్రం మీ చెవిన పడేదే. ఉద్యోగ విరమణ చేసిన నలుగురు పెద్దలు ఒకచోట చేరితే మాటలు ఎలా సాగుతాయి? మోకాళ్ళ నొప్పులు, కూరగాయల ధరలు, ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్... ఇవన్నీ అయ్యాక ఇంటి మరమ్మతు దగ్గరికి వస్తాయి.

“మాస్టారూ, మీ డాబా కురవడం ఆగిందా?”

“ఎక్కడండీ! మేస్త్రి వచ్చి సిమెంటు పూసి వెళ్ళాడు. మళ్ళీ అదే మూల చెమ్మ.”

“నీళ్ళు ఎన్నాళ్ళు కట్టారు?”

“రెండు రోజులు.”

“అదీ సంగతి!”

ఇవి పనిలేని మాటలని అనుకుంటాం. కాని వారి వైపు నుంచి ఆలోచించండి. ఎందరికో ఆ ఇల్లు ప్రావిడెంటు ఫండు సొమ్ముతో, బ్యాంకు అప్పుతో కట్టుకున్నది. ఇప్పుడు వచ్చేది పింఛను. ఒక్క మరమ్మతు తప్పుగా జరిగితే రెండోసారి చేయించడానికి ఎన్నో నెలలు ఆగాలి. అందుకే వారు ప్రతి పనినీ జాగ్రత్తగా గమనిస్తారు. ఏం చేయాలో వారికి అనుభవం చెబుతుంది. ఎందుకు చేయాలో మీకు పాఠం చెబుతుంది. ఈ రెండూ కలిస్తే ఎంత మేలో చూద్దాం.

మొదట సిమెంటు సంగతి. సిమెంటు ఆరితే గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటితో రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది. నీరు ముందే ఆవిరైపోతే ఆ చర్య మధ్యలో ఆగిపోతుంది. పూత బలహీనమై, సన్నని పగుళ్ళు వస్తాయి. 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 ప్రకారం మామూలు సిమెంటుతో పోసిన కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. ఎండ మండే పొడి వాతావరణంలో కనీసం 10 రోజులు ఉంచాలి. “నీళ్ళు ఎన్నాళ్ళు కట్టారు?” అన్న ప్రశ్నలో ఈ రసాయన శాస్త్రమంతా ఉంది.

ఇక చెమ్మ. డాబా మీద నీరు నిలవకుండా తూము వైపు పోవడానికి నేలను కొద్దిగా ఏటవాలుగా చేస్తారు. మేస్త్రులు దీన్ని వాటం అంటారు. వాటం సరిగా లేకపోతే నిలిచిన నీరు పగుళ్ళ గుండా దిగుతుంది. గోడ అడుగున కనిపించే చెమ్మ వేరు. అది నేలలోని నీరు. ఇటుకలోని సన్నని రంధ్రాల గుండా కేశనాళికీయత వల్ల పైకి ఎక్కుతుంది. దీపపు వత్తి నూనెను పీల్చుకున్నట్టే. ఆ నీటితోపాటు లవణాలూ వస్తాయి. నీరు ఆవిరైన చోట అవి స్ఫటికాలై రంగును, పూతను నెట్టేస్తాయి. “గోడకు ఉప్పు పట్టింది, పెచ్చులు ఊడుతున్నాయి” అని పెద్దలు అనేది దీన్నే. దాని మీద కొత్త రంగు వేస్తే అదీ ఊడిపోతుంది. ముందు నీరు వచ్చే దారిని మూయాలి.

పాత ఇళ్ళున్నవారు ఇంకో మాట అంటారు: “సున్నపు గోడకు సిమెంటు పూయవద్దు.” సున్నపురాయిని కాలిస్తే కార్బన్ డయాక్సైడు పోయి పొడిసున్నం మిగులుతుంది. అందులో నీరు కలిపితే తడిసున్నం అవుతుంది. గోడకు పూశాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని మెల్లగా మళ్ళీ రాయిగా మారుతుంది. గానుగలో నూరిన డంగుసున్నంలో బెల్లం, కరక్కాయ నీరు కలిపే పద్ధతి కూడా ఉండేది. 1591లో కట్టిన చార్మినార్‌లోనూ వాడింది సున్నమే. సున్నపు పూత గుండా లోపలి తేమ ఆవిరిగా బయటికి పోగలదు. దాని మీద గట్టి సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోయి తేమ గోడలోనే ఉండిపోతుంది. చూశారా, పెద్దల మాట ఎంత సరైనదో!

వేసవిలో డాబాకు తెల్లసున్నం వేయడమూ ఇలాంటిదే. తెలుపు ఎండను చాలావరకు తిప్పికొడుతుంది, అందువల్ల కింది గది వేడి తగ్గుతుంది. ఈ సూత్రం మీదనే తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది.

ఇప్పుడు కుళాయి. “రాత్రంతా టపటపమంటోందండీ, వాషరు అరిగింది” అంటారొకరు. చుక్కే కదా అని ఊరుకోవచ్చా? లెక్క వేద్దాం. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే రోజుకు 4.32 లీటర్లు, ఏడాదికి సుమారు 1,577 లీటర్లు. మీ ఇంటి కుళాయి చుక్క ఇంకా పెద్దది కావచ్చు. ఒక గంటసేపు గ్లాసు పెట్టి కొలిచి చూడండి.

ఇంతవరకు పెద్దల అనుభవం మనకు దారి చూపింది. కరెంటు విషయంలో మాత్రం మనం కాస్త ఆగి ఆలోచించాలి. “ఎర్తు వైరు లేకపోయినా ఫ్రిజ్ పనిచేస్తోందిగా” అనే మాట మీరు వినే ఉంటారు. పనిచేయడం వేరు, క్షేమంగా ఉండడం వేరు. ఫ్రిజ్ లోపల తీగ ఊడి ఇనుప పెట్టెకు తగిలితే ఆ పెట్టెకే 230 వోల్టులు వస్తాయి. ఎర్తు ఉంటే కరెంటుకు నేలలోకి సులువైన దారి దొరుకుతుంది. లేకపోతే తలుపు తీసిన మనిషి శరీరమే దారి అవుతుంది. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలం నీళ్ళు పోయడం పాత అలవాటు. తడి, లవణాలు నేల నిరోధాన్ని తగ్గిస్తాయి కనుక అది మంచి అలవాటే.

“ఎమ్.సి.బి. ఉంది, భయం లేదు” అన్నది మరో నమ్మకం. ఎమ్.సి.బి. కాపాడేది తీగలను. 16 ఆంపియర్ల ఎమ్.సి.బి. అంతకు మించి కరెంటు పారితేనే పడిపోతుంది. మనిషి ప్రాణానికి అందులో ఎంతో చిన్న భాగమే ప్రమాదం. మనుషుల రక్షణకు ఇళ్ళలో పెట్టే ఆర్.సి.సి.బి. వెళ్ళిన కరెంటును, తిరిగి వచ్చిన కరెంటును పోల్చి చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే సెకను లోపే సరఫరా ఆపేస్తుంది. పదహారు ఆంపియర్లలో ఇది అయిదువందల వంతు కన్నా తక్కువ. ఈ సంగతి మీరు ఇంట్లో చెప్పండి. పని మాత్రం లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.

చివరిగా ఒక ముఖ్యమైన మాట. మరమ్మతు తెలిసిన పెద్దలకు ఇంకొకరిని పిలవడం నచ్చదు. “చిన్న పనే, నేనే ఎక్కుతా” అని నిచ్చెన వేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. ఈ మరణాలు అన్ని వయసుల కంటే అరవై ఏళ్ళు దాటినవారిలోనే ఎక్కువ. “తాతయ్యా, నీకెందుకు, దిగు” అంటే వారి మనసు నొచ్చుకుంటుంది. “ఎలా చేయాలో చెప్పండి, మేస్త్రి చేత చేయిస్తాను, మీరు దగ్గరుండి చూడండి” అనండి. వారి మాటకు విలువ ఉంటుంది, కాళ్ళు నేల మీద ఉంటాయి.

ఈ వారం మీకొక పని. మీ ఇంట్లోనో వీధిలోనో ఒక పెద్దవారి దగ్గర కూర్చుని, ఇంటి మరమ్మతు గురించి వారు పాటించే మూడు జాగ్రత్తలు అడిగి రాసుకోండి. రసమట్టం, మూలమట్టం వంటి పనిముట్ల పేర్లూ అడగండి. ప్రతి జాగ్రత్త పక్కనా దాని కారణం మీ పాఠాల్లో వెతికి రాయండి. కారణం దొరకనిచోట మీ సైన్సు ఉపాధ్యాయుణ్ణి అడగండి. మాట పొరపాటని తేలితే ఎందుకో మర్యాదగా వివరించండి. సరైనదని తేలితే అదీ వెళ్ళి చెప్పండి. ముప్ఫై ఏళ్ళుగా తాను చేస్తున్న పనికి కారణం మనవడో మనవరాలో వచ్చి చెబితే ఆ పెద్దాయన మరునాటి కబుర్లలో మొదటి మాట అదే అవుతుంది.

సెలవు.