మామిడికాయ కోసిన తరువాత



మామిడితోటకు దుక్కి అని, ఎరువు అని, మందు అని ఏడాది పొడుగునా ఖర్చు పెట్టుదురు. కాయ కోసిన పూట మాత్రము మన పని తీరినదని తలచి, తక్కినది కూలీలకు, వ్యాపారికి విడిచిపెట్టుదురు. కొమ్మ నుండి వేరైనను కాయకు ప్రాణము పోలేదు. అది ఊపిరి పీల్చుచు, తనలోని సారమును, నీటిని ఖర్చు చేసుకొనుచునే యుండును. వేడిమి పది డిగ్రీలు పెరిగినచో ఈ ఖర్చు సుమారు రెండింతలగును. మే నెల ఎండలో కాయలు రాశిపోసి సాయంత్రపు లారీ కొరకు కనిపెట్టుకొని యుండినచో, బజారులో నిలువవలసిన దినములు తోటలోనే తరిగిపోవును.

బంగినపల్లినే తీసుకొందము. ముచ్చిక ప్రక్కల భుజములు నిండుగా లేచిన పిదపనే కోయవలెను. అనుమానమున్నచో బకెట్టు నీళ్లలో వేసి చూడుడు. ముదిరిన కాయ మునుగును, లేతది తేలును. లేతకాయను ఎట్లు మాగవేసినను రుచి రాదు, తోలు ముడుతలు పడును.

తెల్లవారుజామున, చిక్కముతో కోయుట మేలు. అయితే ఆ వేళ సొన ఎక్కువగా చిమ్మును. కనుక తొడిమ కొంత ఉంచి కోసి, నీడకు చేర్చి, అక్కడ తొడిమ తీసి, తడికపై కాయలను తలక్రిందులుగా ఉంచి సొన కారనీయవలెను. వట్టి నేలపై పెట్టకూడదు. సొన పడిన తోలు కాలినట్లు నల్లబడును. గుజ్జు ఎంత తియ్యనైనను కొనువాడు ఆ మచ్చ చూచియే ధర తగ్గించును. కఱ్ఱతో రాల్చిన కాయల సంగతి చెప్పనక్కరలేదు. దెబ్బతిన్న కాయ త్వరగా మాగుచు ఇథిలీను వాయువును వదలును. దానితో గంపలోని మంచికాయలు కూడ ముందే పండును.

మాగునప్పుడు కనిపించు నల్లమచ్చ తెగులు అప్పుడు పుట్టినది కాదు. కాయ చెట్టుపై పచ్చిగా నున్నప్పుడే తోలులో దాగియుండును. దీనికి వేడినీరు మంచి మందు. కోసిన మరునాటిలోగా కాయలను 52 సెంటీగ్రేడు డిగ్రీల నీటిలో 5 నిమిషములుంచి, తీసి చల్లార్చి, నీడలో ఆరబెట్టవలెను. చేయి పెట్టి అంచనా వేయుట పనికిరాదు. నాలుగు డిగ్రీలు ఎక్కువైనను తోలు ఉడుకును. ఉష్ణమాపకముతోనే చూడవలెను.

వ్యాపారి తొందరపెట్టినాడని కార్బైడు పొట్లములు పెట్టనీయకుడు. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి. పైన పసుపు వన్నె వచ్చును, టెంక దగ్గర పులుపు పోదు. గదిలో ఇథిలీను వాయువుతో మాగించుటకు అనుమతి కలదు. పది లక్షల పాళ్ల గాలికి నూరు పాళ్లు మించరాదు.

ధర పడిపోయిన వారములో శీతల గిడ్డంగిపై ఆశపడుట సహజమే. పచ్చికాయ 13 డిగ్రీల వద్ద, తగిన తేమలో, రెండు మూడు వారములు నిలుచును. మిరపకాయలు దాచు గిడ్డంగి మామిడికి తగదు. అంతటి చలికి తోలుపై గుంటలు పడి, బయటకు తెచ్చిన పిదప కాయ సరిగా మాగదు. అద్దె చెల్లించుటకు ముందే లోపలి వేడిమి ఎన్ని డిగ్రీలో అడిగి తెలిసికొనుడు.