మందు ఇచ్చే చేతికీ పరీక్ష కావాలి
(యునానీ వైద్యంపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



యునానీ వైద్యానికి నిధులు, ఆసుపత్రులు, ఉద్యోగాలు పెంచాలని మనం చాలాకాలంగా కోరుతున్నాం. అది న్యాయమైన కోర్కె. దానికి మరొకటి జోడించదలిచాను. హకీం రాసిన మందును కూర్చి అందించే అత్తారుకు, దవాసాజుకు శిక్షణ, పరీక్ష, నమోదు ఉండాలి. ఇది బయటివారు మనపై రుద్దే కట్టుబాటు కాదు. మన చరిత్రలోనే దీనికి వేళ్లున్నాయి.

9వ శతాబ్దపు బాగ్దాదులో మందులు కూర్చడం వైద్యం నుంచి వేరుపడి స్వతంత్ర వృత్తిగా ఎదిగింది. మోసమూ వెంటే వచ్చింది. 13వ శతాబ్దంలో వైద్యుల చరిత్రలు రాసిన ఇబ్న్ అబీ ఉసైబియా ఒక ఉదంతం చెబుతాడు. ఖలీఫా ముఅతసిం సేనాని అఫ్షీన్, తన శిబిరంలోని మందుల వర్తకులను పరీక్షించదలిచాడు. మందులతో ఏ సంబంధమూ లేని కొన్ని పేర్లు రాసి, ఆ మందులు కావాలని మనుషులను పంపాడు. కొందరు ‘అలాంటివి మాకు తెలియవు’ అన్నారు. మరికొందరు దిర్హములు పుచ్చుకొని, అంగడిలో ఉన్నదేదో కట్టి ఇచ్చారు. తెలియదన్నవారికి శిబిరంలో ఉండే అనుమతి దొరికింది. మిగిలినవారిని వెళ్లగొట్టారు. తెలియనిదాన్ని తెలియదనగలగడమే ఆ పరీక్షలో నెగ్గిన అర్హత.

931లో బాగ్దాదులో వైద్యుని పొరపాటు వల్ల ఒక రోగి మరణించాడు. వైద్యులందరినీ పరీక్షించి అనుమతి పత్రాలివ్వమని ఖలీఫా ముఖ్తదిర్, సినాన్ బిన్ సాబిత్‌ను ఆదేశించాడు. అంగళ్ల బాధ్యత ముహ్తసిబ్‌ది. తూకాలను, సరుకును తనిఖీ చేసే అధికారి ఆయన. 12వ శతాబ్దంలో షైజరీ ముహ్తసిబ్‌ల కోసం రాసిన గ్రంథంలో మందుల వర్తకులకు, షర్బత్‌లు కాచేవారికి ప్రత్యేక అధ్యాయాలున్నాయి. ఏ మందులో ఏది కలిపి మోసం చేస్తారో, దాన్ని ఎలా పట్టుకోవాలో అందులో వివరించాడు. తూకంలో తగ్గించేవారిని ఖుర్ఆన్ తీవ్రంగా హెచ్చరించింది. ఆ నీతిని అంగడి దాకా తెచ్చిన వ్యవస్థ హిస్బా.

ఈ విద్యను నిలబెట్టినవారు ఒకే మతస్థులు కారు. తొలి యోగ గ్రంథాలలో ఒకటి రాసిన సాబూర్ బిన్ సహల్ క్రైస్తవుడు. మందుల గుర్తింపుపై ‘కితాబుస్సైదనా’ రచించిన అల్‌బిరూనీ ముస్లిం. 13వ శతాబ్దపు కైరోలో మందుల అంగడి నిర్వహణపై తన కుమారుని కోసం గ్రంథం రాసిన కోహెన్ అల్‌అత్తార్ యూదుడు. రోగి ప్రాణం ముందు అందరికీ ఒకే కొలత.

మన దేశంలో బ్రిటిషు పాలకుల వైద్య నమోదు చట్టాలు హకీములను, వైద్యులను పక్కకు నెట్టే ప్రమాదం వచ్చినప్పుడు హకీం అజ్మల్ ఖాన్ ఇరువురినీ ఒక వేదికపైకి తెచ్చారు. నిరసనతో ఆగక, ఢిల్లీలో ఆయుర్వేద, యునానీ తిబ్బియా కళాశాలను నిర్మించారు. 1921లో గాంధీజీ దానిని ప్రారంభించారు. హక్కుకై పోరాటం, విద్యకై శ్రమ ఆయనకు వేర్వేరు కావు.

నేటి స్థితి చూద్దాం. 1948 నాటి ఫార్మసీ చట్టం ఆధునిక మందుల ఫార్మసిస్టుకు విద్యార్హతను, నమోదును విధించింది. 1964 సవరణతో యునానీ మందులు కూడా ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. తయారీదారుకు లైసెన్సు తప్పనిసరి అయింది. కానీ యునానీ మందులు అమ్మే అంగడికి ఆ చట్టం కింద లైసెన్సు అక్కర లేదు. మాజూన్, ఖమీరా, కుష్తా కొనే తల్లికి అమ్మేవాని మనస్సాక్షే రక్షణ. లోహాలను భస్మం చేసి తయారుచేసే కుష్తాలో పాళ్లు తప్పితే అది విషమవుతుంది. దెబ్బ తినేది ముందుగా ఆ మందును నమ్మిన పేద కుటుంబమే.

కొన్ని రాష్ట్రాలలో యునానీ ఫార్మసీ డిప్లొమా ఉంది. చార్మినార్ పక్కనే నిజామియా తిబ్బీ కళాశాల ఉన్న మన హైదరాబాదులో అటువంటి శిక్షణ విస్తృతంగా అందాలని కోరుదాం. తరతరాలుగా ఈ పని చేస్తున్న అత్తారులను వెళ్లగొట్టకుండా, వారి అనుభవాన్ని గుర్తించి, ఉర్దూలోనూ తెలుగులోనూ స్వల్పకాల శిక్షణ ఇచ్చి పరీక్ష పెట్టాలని కోరుదాం. మన బిడ్డలకు అది గౌరవప్రదమైన ఉపాధి కూడా.

మినహాయింపు కోరే సమాజాన్ని జాలితో చూస్తారు. ప్రమాణం కోరే సమాజాన్ని గౌరవంతో వింటారు. మన వినతిపత్రాలలో ఇకపై నిధుల పక్కన ఈ పరీక్షనూ చేర్చాలని విన్నవిస్తూ సెలవు తీసుకుంటున్నాను.