రెండు నందులు, రెండు ప్రశ్నలు

నంద్యాల నుంచి కడప దారిలో సుమారు 40 కిలోమీటర్లు వెళితే ఆళ్లగడ్డ వస్తుంది. రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఊరు. అక్కడొక శిల్పి ఒకే కొలతతో, ఒకే నల్లరాతిలో రెండు నందులు చెక్కాడనుకోండి. మూపురం, గంగడోలు, మెడలో గంటల వరస, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేదు. అయినా ఒకదాని చెవి విరిగితే రెండోదానికేమీ కాదు. అలా కాక, ఉన్నది ఒక్క నందే, దాన్ని తండ్రి ఒక పేరుతో, కొడుకు మరో పేరుతో పిలుస్తున్నారనుకుందాం. చెవి విరిగితే ఏ పేరున వెతికినా కనపడేది విరిగిన చెవే.

గైడో వాన్ రోసమ్ 1991లో విడుదల చేసిన పైథాన్ భాషలో ఈ తేడాను రెండు వేరు ప్రశ్నలుగా అడుగుతాం. సమాన గుర్తును జంటగా రాస్తే 'వీటి విలువ సమానమా?' అని. 'ఈజ్' అని రాస్తే 'ఈ రెండు పేర్లూ ఒకే వస్తువువా?' అని.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మార్కుల జాబితాకు ఇంకో పేరు పెట్టి, నకలు తీశామనుకుంటారు. ఒక పేరుతో మార్కు దిద్దగానే రెండో పేరులోనూ మారిపోతుంది. అక్కడ పుట్టింది పేరే, జాబితా కాదు. నకలు కావాలంటే 'కాపీ' అని విడిగా అడగాలి.

అంతకంటే మోసకారి సంగతి అంకెలది. పైథాన్ ప్రోగ్రాములను నడపడానికి మనం మామూలుగా వాడే సీపైథాన్, మైనస్ 5 నుంచి 256 వరకు పూర్ణసంఖ్యలను ముందే తయారుచేసి ఉంచుకుంటుంది. 100 ఎన్నిసార్లు లెక్కకొచ్చినా అదే వస్తువు, కాబట్టి 'ఈజ్' అవునంటుంది. వేర్వేరు లెక్కల్లో వచ్చిన రెండు 1000లకు మాత్రం కాదనవచ్చు. చిన్న అంకెలతో పరీక్షించిన ప్రోగ్రాము అసలు లెక్కల దగ్గర తప్పుతుంది. ఇలాంటి పొరపాటును నేను తేలిగ్గా తీసుకోలేను: తప్పుడు ప్రశ్నకు సరైన జవాబు వచ్చినంతకాలం ఎవరికీ అనుమానం రాదు.

'ఈజ్'కు తగిన చోటు లేకపోలేదు. ఏమీ లేదని చెప్పే 'నన్' అనే వస్తువు ప్రోగ్రాము మొత్తంలో ఒక్కటే ఉంటుంది. దాన్ని 'ఈజ్'తోనే పోల్చాలి.

2019లో వచ్చిన 3.8 రూపం నుంచి, అంకెనో అక్షరాల వరసనో నేరుగా రాసి 'ఈజ్'తో పోలిస్తే పైథానే హెచ్చరిస్తుంది. రెండు పేర్లను పోల్చినప్పుడు ఆ హెచ్చరిక రాదు. అక్కడ చెప్పాల్సింది పాఠం చెప్పే గురువులే.