ఇంట ప్రాచీనవిద్య – ఆరంభము ఎట్లు?

నిజాంపేట ఒకప్పుడు పల్లె. 2019లో అది నగరపాలక సంస్థగా మారినది. సైబరాబాదు కార్యాలయములలో పనిచేయు కుటుంబములు అనేక జిల్లాలనుండి వచ్చి అచటి బహుళాంతస్తుల భవనములలో కాపురమున్నవి. బిడ్డలను ఇంటనే చదివింపవలెనని, అందును మన పూర్వుల పద్ధతిని కొంత చేర్పవలెనని తలచు తలిదండ్రులు ఇట్టి ఇండ్లలో కొందరున్నారు. వారికి కలుగు మొదటి ప్రశ్న, ఆరంభము ఎచట అనునదే.

ఐరోపాలో ప్రాచీనవిద్యకు వ్యాకరణము, తర్కము, వక్తృత్వము అను మూడు మెట్లు గలవు. 1947లో డొరొతీ సేయర్స్ అను రచయిత్రి ఆక్స్‌ఫర్డులో ఒక ఉపన్యాసమిచ్చుచు, ఈ మూడును బాల్యములోని మూడు దశలకు సరిపోవునని చెప్పెను. మొదటి దశకు ఆమె చిలుక పేరు పెట్టెను. ఆ వయసున వల్లించుట పిల్లలకు శ్రమ కాదు, ఆట. మనకును వ్యాకరణము, తర్కము, అలంకారశాస్త్రము అను మూడును ఉండనే యున్నవి.

అయితే చిలుకవలన ప్రమాదమును గలదు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో మదరాసు రెవిన్యూ బోర్డుకు వ్రాసిన నివేదికలో ఆనాటి వీథిబడులను వర్ణించెను. ఆ జిల్లాలో 533 బడులుండగా అందు 226 తెలుగు బడులు. అయిదవయేట అక్షరాభ్యాసము, ఇసుకలో వ్రాత. ఉదయమున అందరికంటె ముందు వచ్చిన బాలుని అరచేత సరస్వతి పేరు వ్రాయుదురట. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పుటను ఆయన మెచ్చుకొనెను. కాని పిల్లలు లెక్కకు మిక్కిలి పద్యములను చిలుకవలె అప్పగింతురే గాని అర్థమెరుగరని, చెప్పువారిలోనే అర్థమెరిగినవారు తక్కువని విచారపడెను. మరియొక లోపమును ఆ లెక్కలలోనే కనబడుచున్నది. 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. కావున ఆ బడినుండి మనము గైకొనవలసినది ధారణ. విడువవలసినది అర్థములేని వల్లెవేతయు, మూసిన తలుపును.

ఇక కార్యక్రమము. ఆరేడేండ్ల బిడ్డకు సుమతీ శతకమునుండియో వేమన పద్యములనుండియో వారమునకు రెండు పద్యములు చాలును. మొదట పెద్దలు రాగయుక్తముగ చదువవలెను. పిదప మాటలను వచనక్రమమున అమర్చి అర్థము చెప్పవలెను. ఆ తరువాతనే కంఠస్థము. ఆ పద్యము తగిన సందర్భమొకటి ఆనాటి తన అనుభవమునుండి బిడ్డ చెప్పగలుగువరకు మరియొక పద్యమునకు పోరాదు. ఈ ఒక్క నియమము పాటించిన చాలును, క్యాంబెల్ విచారమునకు చోటుండదు.

అమరకోశమును ఆరంభముననే మొత్తము వల్లింప నవసరము లేదు. నీటికి గల పేర్లతో మొదలిడుడు: జలము, నీరము, అంబువు. వీనికి ‘ఇచ్చునది’ అను అర్థముగల ‘ద’ చేర్చిన జలదము, నీరదము, అంబుదము, అనగా మేఘము. ‘పుట్టినది’ అను అర్థముగల ‘జ’ చేర్చిన జలజము, నీరజము, అంబుజము; అనగా తామర. పొరుగింటి నీరజ పేరునకు అర్థము తానే కనుగొన్న బిడ్డకు నిఘంటువు భారము కాదు.

పదియేండ్లు వచ్చుసరికి చిన్నయసూరి నీతిచంద్రికను చేతికీయవచ్చును. 1853నాటి ఆ వచనమున సంధులు దట్టముగ నుండును. దినమునకు పది పంక్తులు మించరాదు. ఈ జంతువు ఇట్లేల చేసినది, చేయకున్న ఏమగును అని అడుగుచుండవలెను. అదియే తర్కమునకు వాకిలి. కొండపై పొగయున్నది, కనుక నిప్పున్నదని నిరూపించు పద్ధతిని అన్నంభట్టు తర్కసంగ్రహమున సులభముగ చూపెను. పదుమూడేండ్లు దాటిన పిమ్మట వ్యాసము వ్రాయుట, నలుగురిలో నిలిచి మాటలాడుట.

వీనికి ఉదయమున ఒక గంట చాలును. గణితము, సైన్సు, ఇంగ్లీషు ఎట్లును ఉండవలసినవే. ఊరినుండి వచ్చి పిల్లల యింట నుండు తాతయ్యకో అమ్మమ్మకో శతకపద్యములు నోట నుండును. ఆ గంటను వారికప్పగించిన, నేర్చువారికిని నేర్పువారికిని ప్రొద్దు సార్థకమగును.

ఒక హెచ్చరిక. 2009నాటి విద్యాహక్కు చట్టము ఆరునుండి పదునాలుగేండ్ల బాలలకు ఉచిత నిర్బంధవిద్యను విధించినది. గృహవిద్యను గూర్చి అందు ప్రత్యేకముగ ఏమియు చెప్పలేదు. పదునాలుగేండ్లు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ నిర్వహించు సెకండరీ పరీక్షకు కూర్చుండవచ్చును. బడి మాన్పింపదలచువారు నియమములను ముందుగ విచారించుకొనవలెను. బడికి పంపువారును ఈ ఒక్క గంటను ఇంట నిలుపుకొనవచ్చును.

చిలుకకు పలుకు నేర్పుట సులభము. ఆ పలుకు తనదని బిడ్డకు తోచునట్లు చేయుటయే విద్య. రేపటి ఉదయమున ఒక్క పద్యముతో ప్రారంభింపుడు. రెండవ పద్యమునకు తొందరపడకుడు.