ట్యూన్లు లేవన్నారు: జోనీ మిచెల్ 1975 ఆల్బమ్ కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక పుకారుతో మొదలుపెడదాం.

అమెరికాలో రోలింగ్ స్టోన్ అని ఒక సంగీత పత్రిక ఉంది. అది 1975లో ఒక ఆల్బమ్‌ని పట్టుకుని "ఈ ఏడాది చెత్త ఆల్బమ్ ఇదే" అనేసిందట. ఆ ఆల్బమ్ పేరు ది హిస్సింగ్ ఆఫ్ సమ్మర్ లాన్స్. రాసింది, బాణీ కట్టింది, పాడింది జోనీ మిచెల్. అదే ఆల్బమ్‌ని ఇప్పుడు గొప్పది అంటున్నారు, చూశారా విమర్శకులు ఎంత గుడ్డివాళ్లో, అని ఈ కథ చెప్పేవాళ్లు చెప్తుంటారు. వినడానికి బాగుంటుంది. కాకపోతే ఆ పత్రిక చెత్త అన్నది ఆల్బమ్‌ని కాదండీ, ఆల్బమ్ పేరుని! ఆ ఏడాది చెత్త టైటిల్ ఇది అని ఎకసెక్కంగా రాశారు. నోళ్లు మారేసరికి టైటిల్ ఎగిరిపోయి ఆల్బమ్ మిగిలింది.

అంటే అప్పట్లో అందరూ మెచ్చుకున్నారా? అదీ కాదు. అసలు సంగతి ఈ రెండింటి మధ్యలో ఉంది, పుకారు కంటే అదే ఆసక్తిగా ఉంటుంది.

ముందు జోనీ మిచెల్ ఎవరో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1943లో కెనడాలో పుట్టింది. ఇంగ్లీషులో సింగర్ సాంగ్‌రైటర్ అంటారే, అది మనకి కొత్త మాటేం కాదు, మనం వాగ్గేయకారుడు అంటాం. మా పాలకాయతిప్ప నుంచి అవనిగడ్డ దాటి పైకెళ్తే మొవ్వ, అక్కడి క్షేత్రయ్య వాగ్గేయకారుడే. ఈమెకి చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఎడమ చెయ్యి బలహీనపడింది. గిటార్ మీద అందరూ పట్టే పట్లు ఆ చేతికి కష్టం. అందుకని ఏం చేసిందంటే, తీగల్ని తనకి అనువైన శ్రుతులకి మార్చేసుకుంది. ఒకటీ రెండూ కాదు, 50కి పైనే అలాంటి శ్రుతులు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బగ్ తప్పించుకోడానికి వేసిన ప్యాచ్ కాస్తా ప్రోడక్ట్‌కే పెద్ద ఫీచర్ అయి కూర్చుంది. ఎందుకంటే ఆ శ్రుతుల్లోంచి వచ్చే కార్డ్స్ మామూలు పాప్ కార్డ్స్ కావు. సంతోషమూ కాదు, దుఃఖమూ కాదు, ఇంకా ఏదో చెప్పాల్సింది మిగిలిపోయినట్టు ఉంటాయి. రాక్ వాయించేవాళ్లకి అవి పట్టుబడలేదు. జాజ్ వాళ్లకి పట్టుబడ్డాయి. ఆమె జాజ్‌లోకి వెళ్లింది ఫ్యాషన్ కోసం కాదు, ఆమె చేతివాటానికి సరిపోయే మనుషులు అక్కడ దొరికారు.

జాజ్ అనగానే తెలుగు చెవికి ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. విలన్ డెన్, ట్రంపెట్, ఎల్.ఆర్. ఈశ్వరి గారి క్లబ్ పాట! మన సినిమాల్లో ఆ వాయిద్యాలకి ఇచ్చిన ఉద్యోగం ఎక్కువగా అదే. ఇక్కడ అది కాదు. ఇక్కడ జాజ్ గది మూలలో నిలబడి మాట్లాడేవాళ్లని గమనిస్తున్నట్టు ఉంటుంది.

1971లో బ్లూ అనే ఆల్బమ్ చేసింది. ఒక మనిషి తన గుండె తీసి బల్లమీద పెట్టినట్టు ఉంటుంది. 1974 జనవరిలో కోర్ట్ అండ్ స్పార్క్ వచ్చింది, అమెరికా చార్టుల్లో 2వ స్థానం దాకా వెళ్లింది. అందులోనూ జాజ్ వాయించేవాళ్లే ఉన్నారు, కానీ పాటలు పాడుకోడానికి వీలుగా ఉన్నాయి. అందరూ హ్యాపీ. ఇంకొక్కటి అలాంటిదే చెయ్యమ్మా అన్న మూడ్‌లో ఉన్నారు జనం.

1975 నవంబర్‌లో ఈమె ఇది తీసుకొచ్చింది. 10 పాటలు, 42 నిమిషాలు.

ఇప్పుడు ఆ పేరు సంగతి. సమ్మర్ లాన్స్ అంటే ఎండాకాలం పచ్చిక బయళ్లు. ధనవంతుల పేటల్లో ఇళ్లముందు గడ్డి తడపడానికి స్ప్రింక్లర్లు తిరుగుతుంటాయి, సుయ్ మని. ఆ చప్పుడుని ఆమె పాము బుసగా విన్నది. అట్ట మీద బొమ్మ కూడా ఆమె వేసిందే: పచ్చిక మీద కొంతమంది ఒక పెద్ద పాముని మోసుకెళ్తుంటారు, వెనకాల నగరం. మా దివిసీమ వాళ్లకి లాన్ అంటే ఏం పడుతుందండీ. మేం ఇలా అనుకోవాలి. రాత్రి పూట రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్లు తిరిగే చప్పుడు వినే ఉంటారు. తెల్లారేదాకా ఆగదు. ఆ చప్పుడు ఉందంటే డబ్బు తిరుగుతోందని అర్థం. ఆ చప్పుడులోనే కరెంటు పోతే ఏంటి, జబ్బు తగిలితే ఏంటి అన్న భయమూ ఉంటుంది. ఒకటే చప్పుడు, రెండు అర్థాలు. ఆ పేరు చెత్త పేరని ఎవరన్నారో గానీ, నాకైతే ఆల్బమ్ మొత్తం అందులోనే ఉందనిపిస్తుంది.

టైటిల్ పాటలో ఒకాయన భార్యకి కొండమీద ఇల్లు కొనిచ్చాడు. నగలు, చుట్టూ ముళ్ల కంచె. ఆమె కిందికి చూస్తే లోయంతా వేరేవాళ్ల ఈతకొలనులు. అంతే కథ. ఏడుపు లేదు, పారిపోవడం లేదు, ఆమె అక్కడే ఉంటుంది. మన డెల్టా ఊళ్లలో ఇలాంటి ఇళ్లు లేవంటారా? చెరువుల డబ్బుతోనో, అమెరికా డబ్బుతోనో కట్టిన మూడంతస్తులు, పెద్ద గేటు, గ్రానైటు మెట్లు, లోపల టీవీ ముందు ఒక్క మనిషి. ఆ మనిషి మీద మనకి పాట లేదు. ఆమెకి ఉంది.

హ్యారీస్ హౌస్ అనే ఎనిమిదో పాట ఇంకో మెట్టు పైన ఉంటుంది. భర్త బిజినెస్ పని మీద ఊళ్లు తిరుగుతుంటాడు, భార్య ఇంట్లో. ఉన్నట్టుండి పాట మధ్యలో వేరే పాట మొదలవుతుంది. సెంటర్‌పీస్ అని, హ్యారీ ఎడిసన్, జాన్ హెండ్రిక్స్ చేసిన పాత జాజ్ ప్రేమపాట. మన దగ్గరైతే ఒక సంసారం కూలిపోతున్న పాట మధ్యలో రేడియోలోంచి ఘంటసాల, లీల డ్యూయెట్ వచ్చినట్టు. ఒకప్పుడు వీళ్లిద్దరూ ఇలా ఉండేవాళ్లు కదా అని మనకి తట్టేలోపు ఆ పాట కరిగిపోయి మళ్లీ ఆ ఇంట్లోకే తెచ్చి పడేస్తుంది. ఫ్లాష్‌బ్యాక్‌ని ఒక్క మాట చెప్పకుండా బాణీతో చేసేసింది.

మరి 1976 జనవరిలో రోలింగ్ స్టోన్ సమీక్షలో స్టీఫెన్ హోల్డెన్ ఏమన్నాడు? సాహిత్యం ఘనం, సంగీతం పలచన అన్నాడు. చెప్పుకోదగ్గ ట్యూన్లు లేవన్నాడు. వాయించిన జాజ్ రాక్ కూడా చప్పగా ఉందన్నాడు. ఆయన్ని చెవిటివాడు అనడం తేలిక. నేను అనను. ఒక్కసారి విని ఈ పాటల్ని కూనిరాగం తియ్యమంటే మీ వల్ల కాదు. ఆ మేరకి ఆయన చెప్పింది కరెక్టే. ఆయన వదిలేసింది ఏంటంటే, ఇక్కడ బాణీ మాట వెనకాల నడుస్తోంది. వాక్యం ఎక్కడ ఆగితే అక్కడ ఆగుతుంది, పాత్ర ఎక్కడ తడబడితే అక్కడ వంకర తిరుగుతుంది. క్షేత్రయ్య పదం విన్నవాళ్లకి ఇది కొత్త కాదు. పదాన్ని నింపాదిగా, సాగదీసి పాడతారు, చప్పట్లు కొట్టుకుంటూ వినేది కాదు. ఒక్క మాట మీద నిలబడి ఆ మాటలోని అలక, ఆశ, ఎగతాళి అన్నీ తియ్యాలి. ట్యూన్ ఏదీ అని అడిగితే పదం కూడా ఆ పరీక్షలో ఫెయిలే.

నా లెక్కలో అసలు గొడవ ట్యూన్ల గురించి కాదండీ. బ్లూలో ఆమె "నేను" అని పాడింది. ఆ నేను వెనక ఏ ప్రియుడున్నాడో వెతుక్కోవడం పత్రికలకీ జనానికీ సరదా అయిపోయింది. ఈ ఆల్బమ్‌లో ఆమె "ఆమె" అంటోంది. కొండమీది ఇల్లాలు, ఒక చిన్న ఊళ్లోకి వచ్చిన దొరబాబు కంట్లో పడిన ఈడిత్, సినిమా హీరోయిన్‌లా బతకాలని చూసే ఇంకో ఆవిడ. అమ్మాయి డైరీ చదువుదామని వచ్చినవాళ్లకి ఆమె అద్దం చూపించింది. ఆడమనిషి తన బాధ చెప్పుకుంటే కళ, చుట్టూ ఉన్నవాళ్లని పరిశీలించి చెప్తే పొగరు. ఈ లెక్క మన దగ్గరా ఉంది. పెద్ద మార్పేం రాలేదు.

అమ్మకాలు మాత్రం వెంటనే పడిపోలేదు. ఆల్బమ్ 4వ స్థానం దాకా వెళ్లింది. దెబ్బ తర్వాత తగిలింది. 1976లో హెజీరా 13 దగ్గర ఆగింది, 1977లో డాన్ జువాన్స్ రెక్‌లెస్ డాటర్ 25, 1979లో జాజ్ దిగ్గజం చార్ల్స్ మింగస్‌తో కలిసి మొదలుపెట్టి, ఆయన పోయాక పూర్తిచేసిన మింగస్ 17. ఆమె వెనక్కి తిరగలేదు.

మరి పేరు ఎలా మారింది? విమర్శకులు ఒకరోజు లేచి మనసు మార్చుకోలేదు. మార్చింది సంగీతం చేసేవాళ్లు. మినియాపోలిస్‌లో ఒక కుర్రాడు ఈమెకి అభిమానిగా ఉత్తరాలు రాసేవాడు. ఆ కుర్రాడు పెద్దయి ప్రిన్స్ అయ్యాడు. 1985లో, పర్పుల్ రెయిన్ వచ్చిన మరుసటేడు, అదే రోలింగ్ స్టోన్‌కి ఇంటర్వ్యూ ఇస్తూ, మొదట్నుంచి చివరిదాకా తనకి నచ్చిన ఆఖరి ఆల్బమ్ ఇదేనన్నాడు. ప్రపంచమంతా చిందులేయిస్తున్న మనిషి, "ట్యూన్లు లేని" ఆల్బమ్‌ని పట్టుకుని అలా అన్నాడు! 2007లో వచ్చిన ఒక నివాళి ఆల్బమ్‌లో బ్యోర్క్, ఎల్విస్ కోస్టెల్లో, పియానిస్టు బ్రాడ్ మెల్డావ్ ముగ్గురూ తలా ఒక పాట ఇందులోంచే ఎంచుకున్నారు. అదే ఏడాది హెర్బీ హాన్‌కాక్ జోనీ పాటలతో రివర్ అనే ఆల్బమ్ చేశాడు. అందులో ఈడిత్ పాట టీనా టర్నర్ పాడింది. 2008లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా దానికే గ్రామీ వచ్చింది. జాజ్ చప్పగా ఉందన్న పాటల్ని జాజ్ మహామహులే నెత్తిన పెట్టుకున్నారు. చివరికి రోలింగ్ స్టోన్ 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో 2003లో లేని ఈ ఆల్బమ్ 2020 జాబితాలోకి వచ్చేసింది.

పేరు మారడం అంటే పైకి పోవడమే కాదు, అదీ చెప్పాలి. రెండో పాట ద జంగిల్ లైన్‌లో బురుండీ డప్పుల రికార్డింగ్‌ని తిప్పి తిప్పి వాడి, దాని మీద మూగ్ సింథసైజర్ పెట్టింది. శాంప్లింగ్ అనే మాట ఊళ్లోకి రాకముందే. సాహసమే, చెవికి ఇప్పటికీ కొత్తగానే ఉంటుంది. కానీ ఆఫ్రికా డప్పు వినిపించగానే "అడవి" అనడం ఇప్పుడు వింటే ఇబ్బందిగా లేదా? నాకుంది. 1977 ఆల్బమ్ అట్ట మీదైతే ఆమె నల్లజాతి మగవాడి వేషం వేసింది. 2024లో మళ్లీ విడుదల చేసినప్పుడు ఆ అట్ట తీసేశారు. ఇవి కూడా ఆ కొత్త లెక్కలో భాగమే. అభిమానులు ఇవి మాట్లాడకుండా దాటేస్తే వాళ్లూ సగమే వింటున్నట్టు.

మనకి ఇది ఎందుకంటారా. మన దగ్గర పాట రిలీజైన 24 గంటల్లో ఎన్ని మిలియన్ వ్యూస్ అని పోస్టర్ వేస్తున్నారు. సాయంత్రానికి హిట్టా ఫట్టా తేలిపోవాలి. 1997లో మణిరత్నం ఇద్దరు సినిమా వచ్చింది, తమిళంలో ఇరువర్. రెహ్మాన్ అందులో జాజ్ ఎంత హాయిగా వాడాడో. సినిమా ఆడలేదు, అప్పుడు ఆ పాటల్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇప్పుడు అదే ఆయన బెస్ట్ అనేవాళ్లు నాకు కనీసం నలుగురు తెలుసు. సినిమా పాటకి కనీసం సినిమా ఉంది, ఏదో టీవీలో మళ్లీ వస్తుంది, మళ్లీ వింటాం. సొంతంగా రాసి పాడే మన కుర్రాళ్లకి ఆ రెండో ఛాన్స్ ఎవరిస్తారు? మొదటి వారం అంకెలు చూసి వాళ్లే మానేస్తున్నారు. జోనీకి ఆ 4వ స్థానం, ఒక కంపెనీ, ఆగకుండా రికార్డు చేసుకునే వీలు ఉన్నాయి. అవి లేకపోతే ప్రిన్స్ చేతికి ఆ రికార్డు చేరేదే కాదు.

వినాలనుకునేవాళ్లకి ఒక్క మాట. మొదటి పాటతో మొదలుపెట్టకండి, అది కోర్ట్ అండ్ స్పార్క్ లాగే ఉండి మోసం చేస్తుంది. మూడోది, ఈడిత్ పాటతో మొదలుపెట్టండి. తర్వాత టైటిల్ పాట, ఆ తర్వాత హ్యారీస్ హౌస్. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రి పూట. మా వైపు వాళ్లయితే ఏరియేటర్ల చప్పుడు ఎలాగూ వినబడుతూనే ఉంటుంది, దాన్ని ఆపక్కర్లేదు. వచ్చేసారి హెజీరా, అందులో జాకో పాస్టోరియస్ బేస్ గిటార్ గురించి. ఉంటానండి.