గులాబీ పెళ్లిచూపులు

చలికాలం వస్తే మన సూళ్లూరుపేట పక్కన పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు దిగుతాయి. వాటి పేరున ఊళ్లో పండగే చేస్తాం. ఆ పక్షుల గులాబీ రంగు పుట్టుకతో వచ్చింది కాదు. పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. నాచులో, చిన్న రొయ్యల్లో ఉండే కెరోటినాయిడ్లే ఈకలకు రంగునిస్తాయి. అంటే రంగు నిండుగా ఉన్న పక్షికి తిండికి లోటు లేనట్టే. జతను ఆకర్షించే కిటుకు అదే.

జత వెతుక్కునే రోజుల్లో ఇవి తోక మొదట్లోని గ్రంథి నుంచి ఊరే రంగునూనెను మెడకు పూసుకుంటాయని స్పెయిన్ శాస్త్రవేత్తలు గమనించారు. మందగా చేరి, మెడలు నిక్కించి, తలలు అటూ ఇటూ తిప్పుతూ నాట్యమాడతాయి. గూళ్లు కట్టాక ముస్తాబు తగ్గుతుంది, రంగు వెలుస్తుంది. ఇక మిగిలేది పిల్లల పెంపకం. దాన్ని తల్లీ తండ్రీ రెండూ పంచుకుంటాయి.