జెండాలో చేను ఉంటే చాలదు



కెనడాలో సస్కాచెవాన్ అనే రాష్ట్రం ఉంది. మన దేశం దిగుమతి చేసుకునే మసూర్ పప్పులో ఏళ్ల తరబడి పెద్ద వాటా కెనడాదే. ఆ దేశంలో అది ఎక్కువగా పండేది ఈ రాష్ట్రంలోనే.

1969లో అక్కడ రాష్ట్ర జెండా కోసం పోటీ పెడితే 4 వేలకు పైగా నమూనాలొచ్చాయి. ఆంథొనీ డ్రేక్ గీసింది గెలిచింది. పై సగం ఆకుపచ్చ, ఉత్తరాది అడవులకు గుర్తు. కింది సగం బంగారు రంగు, దక్షిణాది పంట చేలకు గుర్తు. పక్కన ఎర్రని లిల్లీ పువ్వు. అంటే జెండాలో సగం రైతుదే!

ఆ రైతులు 1924లోనే గోధుమలు అమ్ముకోడానికి సొంత సహకార సంఘం పెట్టుకున్నారు. జెండా ఎగిరేనాటికి వాళ్ల గోధుమల్ని ఎగుమతికి అమ్మే అధికారం ఒక్క గోధుమ బోర్డుకే ఉండేది. 1996లో సహకార సంఘం వాటాలు షేర్ మార్కెట్‌కెక్కాయి. బోర్డు ఉండాలా వద్దా అని రైతులే రెండుగా చీలారు. 2012లో ప్రభుత్వం బోర్డు అధికారం తీసేసింది. జెండాలో బంగారు రంగు మాత్రం చెక్కుచెదరలేదు.

మనల్నీ 'రైతే రాజు' అంటారు. ఆ మాటకు మురిసిపోతే గిట్టుబాటు ధర రాదు. ఈసారి యార్డుకు ఒక్కొక్కరుగా పోవద్దు. ఊరంతా కలిసి పోదాం, ధర కలిసి అడుగుదాం.